జమ్మియాకును మద్యపు సీసాయును
(కృతజ్ఞతాదానమును గూర్చిన యుపన్యాసము)



విజయదశమినాటి సాయంకాలమున మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములయందు జరుగు నొక యాచారమును మీరందఱు నెఱుగుదురు. జనులు ఊరి వెలుపలనున్న జమ్మిచెట్టు కడకు పోయి, ఆకులు తెచ్చి, పెద్దల చేతులలో నుంచి మ్రొక్కుదురు, తోడివారికిచ్చి కౌగిలించుకొందురు. ఆ యాకునకు బంగారమని పేరు. అంగడిలో దానికి గవ్వయైన విలువ లేదు. అయినను దానిని పుచ్చుకొనుటకు జంకువాడు లేడు. ఇచ్చుటకు శక్తి లేనివాడు లేడు. పుచ్చుకొన్నందున ఋణపడువాడు లేడు. కోటీశ్వరుడు కూలివానికీయవచ్చును, కూలివాడు కోటీశ్వరునకీయవచ్చును. కృతజ్ఞత యెట్టిదో మన పూర్వులు మనకొక చెట్టుయాకుతో నేర్పిరి.

ఆ రాత్రియే, ఆ పట్టణములందే, మఱియొక కానుక యిల్లిల్లు తిరుగుచుండును. మెఱుగు కాగితము చుట్టిన బుట్ట. అందు జీడిపప్పు, బాదముపప్పు. నడుమ నొక సీసా. కొన్ని బుట్టలలో ద్రాక్షాసవము, కొన్నిటిలో సీమనుండి వచ్చిన విస్కీ. బియ్యపు మిల్లు యజమాని తన సరకు కొను వర్తకునకు, గ్రానైటు క్వారీవాడు ఎగుమతి బేరము కుదిర్చిన మధ్యవర్తికి, ప్రత్తి వ్యాపారి తన ఖాతాదారునకు, బొగ్గుగనుల ప్రాంతపు గుత్తేదారు తన బిల్లులు చూచు నధికారికి, తుదకు న్యాయవాది తన కక్షిదారునకు, ఈ బుట్టను పంపుట నాగరకతయని యెంచబడుచున్నది. జనవరి మొదటి తేదీని మఱల నదియే. మన వీధులలో 'వైన్స్' అని పలకలు వ్రేలాడు దుకాణములయందు ద్రాక్షరసముకంటె విస్కీ బ్రాందీలే యెక్కువగా నమ్ముడుపోవుట మనము చూచుచునే యున్నాము. పేరు సౌమ్యము, సరకు తీక్ష్ణము. ఈ బుట్ట సంగతియు నట్టిదేనా? దీనికి మనము కృతజ్ఞత యని పెట్టిన పేరు దానికి తగునా? నేడు మనము విచారింపవలసిన విషయమిది.

ఇతరుల దోషమునెన్నుటకు ముందు నా దోషమును నేనే చెప్పుకొనుట న్యాయము. వృత్తిలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో నేనును ఈ బుట్టలను పంపినవాడనే. బొగ్గుగనుల ప్రాంతమునందలి యొక చిన్న గుత్తేదారు తనకు రావలసిన సొమ్ము కొఱకు వేసిన దావాను నేను నడపితిని. ఆయన నాలుగేండ్లు నన్ను నమ్మి తిరిగెను. ప్రతి వాయిదాకును తెల్లవారకముందే బస్సెక్కి వచ్చెను. నా రుసుమును బాకీ లేకుండ చెల్లించెను. తుదకు డిక్రీ లభించెను. ఆ యేటి దసరాకు నా గుమాస్తా చేత నొక సీమసీసాను ఆయన యింటికి పంపితిని. పంపి, నా యుదారతకు నేనే సంతోషించితిని.

మఱుసటి యుదయమున ఆయన భార్య నా కచేరీకి వచ్చెను. కొంగుచాటునుండి ఆ సీసాను తీసి నా బల్లపై పెట్టెను. మూత తీయబడలేదు. ఆమె నిలుచుండియే యిట్లనెను: "వకీల్ సాబ్, మీరు మా కేసు గెలిపించిండ్రు, మీ మేలు మర్చిపోం. గని ఈ సీస మా ఇంట్ల ఉండొద్దు. మా ఆయన తాగుడు ఇడిసిపెట్టి మూడేండ్లాయె. రాత్రంత దీని ముంగట కూసున్నడు. తాగలే. నిద్ర సుత పోలే. పారెయ్యరాదు అంటే, వకీల్ సాబ్ ఇచ్చిండు, ఎట్ల పారేద్దు అన్నడు."

నాకు ప్రత్యుత్తరము తోచలేదు. న్యాయస్థానమున ప్రతివాదనకు తడుముకొనని నాలుక ఆ స్త్రీ యెదుట మూగపోయెను. ఆమె చూచుచుండగనే ఆ మద్యమును పెరటి మోరీలో నొలికించి, క్షమింపుమని వేడితిని. నాటినుండి నేనెవరికిని సీసా పంపలేదు. ఎవరు పంపినను ఉంచుకొనలేదు.

ఆ యిల్లాలు బడికి పోయినది కాదు. అయినను ఆమె పలికిన నాలుగు మాటలలో నీ విషయమునకు సంబంధించిన ధర్మశాస్త్రమంతయు నిమిడియున్నది. మొదటి సంగతి: నేనిచ్చిన కానుకను త్రోసివేయుటకు ఆయనకు స్వాతంత్ర్యము లేకపోయెను. ఒకని యిచ్ఛపై మఱియొకనికి పట్టుగల సంబంధములలో జరిగిన యొప్పందమును 1872 నాటి ఒప్పందముల చట్టము శంకతో చూచును. కానుకను మాత్రము మనము శంకింపము. కాని చిన్న వర్తకుడు పెద్ద మిల్లువాని బుట్టను, కక్షిదారుడు వకీలు బుట్టను త్రిప్పిపంపగలడా? పంపినచో మర్యాద తప్పినవాడగును; ఉంచుకొన్నచో వ్రతము తప్పవలసిన వాడగును. కాదనుటకు వీలులేని కానుక కానుక కాదు, అది యాజ్ఞ.

రెండవ సంగతి: నేనొక మనుష్యునికి పంపితిననుకొంటిని, అది యొక యింటికి చేరెను. సీసా త్రాగువాని గొంతులోనికి మాత్రమే పోవునని మనము తలతుము. దానిని తలుపునొద్ద పుచ్చుకొన్నది భార్య. ఏమి వచ్చినదో యని బుట్టను విప్పినవారు పిల్లలు. దానిచుట్టు ఆ రాత్రి మేలుకొన్నది కుటుంబమంతయు. సీసా వెల నాకు తెలియును. ఆ యొక్క రాత్రి వెల నాకు తెలియదు.

మూడవ సంగతి యన్నిటికంటె నన్నెక్కువగా సిగ్గుపఱచినది. నాలుగేండ్లు ఆయన కాగితములన్నియు చదివితిని. ఆయన లెక్కలన్నియు నెఱుగుదును. మూడేండ్లుగా ఆయన చేయుచున్న తపస్సును మాత్రము నేనెఱుగను. సీసా పంపుట మనకేల యింత సులభముగా నున్నది? అందఱికిని అదే సీసా చాలును గనుక. కొనువాడు పుచ్చుకొనువానిని గూర్చి యొక్క క్షణమైన తలంపనక్కఱలేదు గనుక. చేసిన మేలును ఎఱుగుట కృతజ్ఞత యని మన భాషయే చెప్పుచున్నది. మేలు చేసిన మనుష్యునే యెఱుగని యెడల, ఇంక నెఱిగినదేమి?

ఇందుపై చెప్పబడు నాక్షేపణలు నేనెఱుగనివి కావు. చట్టము దీనిని నిషేధింపలేదుగదా యని కొందఱందురు. నేను చట్టము వలన జీవించువాడను. దానిని తక్కువచేసి మాటలాడను. అయినను చట్టమును ధర్మమునకు బదులుగా నిలుపువారిని కాళేశ్వరమునకు తీసికొనిపోవలెనని నాకు తోచుచుండును. 2016వ సంవత్సరము వఱకు కరీంనగరు జిల్లాలో నుండిన ఆ క్షేత్రమున గోదావరీ ప్రాణహితలు సంగమించును. ఈ యొడ్డున సీసాను బుట్టలో పెట్టి పంపుట వ్యాపారమర్యాద. నది దాటిన పిమ్మట మహారాష్ట్రమునందలి గడ్చిరోలి జిల్లా. అచ్చట 1993 నుండి మద్యనిషేధము కలదు. అనుమతి లేక ఆ సీసానే చేతబట్టుకొనుట నేరము. ఒడ్డును విడిచి కాలమును చూడుడు. 1995 జనవరి మొదలు 1997 వఱకు మన యుమ్మడి రాష్ట్రముననే సంపూర్ణ మద్యనిషేధ ముండెను. నిషేధమునకు ముందు బహుమానమైనది నిషేధకాలమున నేరమయ్యెను. 1997 తరువాత మఱల బహుమానమయ్యెను. సీసా మాఱలేదు, లోని ద్రవ్యము మాఱలేదు, త్రాగినవాని కాలేయము మాఱలేదు. పైని ముద్ర మాత్రము మాఱినది.

నిజాము ప్రభుత్వమున ఆబ్కారీ ఖజానాకు ముఖ్యాదాయములలో నొకటిగా నుండెను. మద్యనిషేధమునకు యత్నింపవలెనని రాజ్యాంగము 47వ అధికరణమున చెప్పుచుండగా, 2023లో తెలంగాణమున 2,620 మద్యపు దుకాణములను లాటరీ తీసి పంచిరి. ఖజానా యవసరమునుబట్టి యొరుగు త్రాసుతో మనస్సాక్షిని తూచరాదు. పుచ్చుకొనువాడు ప్రభుత్వోద్యోగి యగునెడల చట్టము కూడ నూరకుండదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టమును 2018లో సవరించిన పిమ్మట, పని కొఱకు ముట్టజెప్పువాడును పుచ్చుకొనువానివలెనే నేరస్థుడగును. 'మామూలు' అను మాటకు అసలర్థము అలవాటుగా జరుగునది యని మాత్రమే; నేడు మామూలనగా లంచమని పసివాడును చెప్పును. కానుక యేటేట అలవాటై, అలవాటు హక్కై, హక్కు లంచమగు మార్గమంతయు నీ యొక్క మాటలోనే వ్రాయబడియున్నది.

ద్రాక్షాసవము మితముగా పుచ్చుకొన్న గుండెకు మేలని కొందఱు విద్యావంతులందురు. ఈ మాటకు కాలము చెల్లినది. మద్యము మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో మొదటి తరగతికి చెందినదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే నిర్ణయించెను. ఆరోగ్యమునకు హాని లేని మద్యపు మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టముగా ప్రకటించెను. వెల హెచ్చిన సీసాలోని సుర గుడుంబాలోని సురకంటె వేఱు ద్రవ్యము కాదు. త్రాగువారిని నేను ద్వేషింపను. ఎవని బల్లమీద నేమున్నదో తొంగిచూచుట నా పని కాదు. తన హానికి తానొడిగట్టుట యొక సంగతి; ఇతరుని యింటికి హానిని పట్టుకాగితములో చుట్టి పంపి, ధన్యవాదమని వ్రాయుట వేఱొక సంగతి.

మన యడవులలోని గోండు సోదరులు ఇప్పసారాతో దేవతలను కొలిచి యతిథులను మన్నింతురుగదా, సీసా మన నేలకు క్రొత్తదా యని మఱికొందఱందురు. వారు తామేరుకొన్న పువ్వునుండి తాము చేసినదానిని, పేనులకు సమర్పించి, బంధువులందఱును కూర్చుండి పంచుకొందురు. దాని వెనుక బిల్లు రాదు. దానివలనను కీడు కలుగకపోలేదు. కాని అది వర్తకపు టెర కాదు. వారినుండి మనము నేర్చుకొనదలచినచో కేస్లాపూరు నాగోబా జాతరను చూతము. ఏటేట పుష్యమాసమున మెస్రం వంశీయులు జన్నారము దాపుననున్న హస్తినమడుగు వఱకు కాలినడకను పోయి, గోదావరీజలమును కలశమున నింపుకొని, మఱల నడచివచ్చి తమ దేవునికి అభిషేకింతురు. వారు మోసికొనివచ్చునది నీరు. నీటికి వెలయేమి? ఆ నడకయే దాని వెల. ఇచ్చువాని శ్రమయు శ్రద్ధయు నిమిడియున్న వస్తువే కానుక యని, చదువుకొన్న మనకంటె వారే బాగుగ నెఱుగుదురు.

తుది యాక్షేపణను ఎవరును బిగ్గరగా చెప్పరు: నేను పంపకున్న పోటీవాడు పంపును, గిరాకి పోవును. ఇది నిజమైన భయము. దీనిని నేను నవ్వి త్రోసివేయను. కాని ఈ భయమును నోట పలికిన తోడనే ముసుగు తొలగుచున్నది. గిరాకి పోవునని పంపినది కృతజ్ఞత కాదు, పెట్టుబడి. గీత పదునేడవ యధ్యాయమున దానములు మూడు విధములుగా విభజింపబడినవి. ఈయవలెనని తలచి, తిరిగి మేలు చేయజాలనివానికి, తగిన కాలమున, తగిన చోట, పాత్రుని చూచి యిచ్చునది సాత్త్వికము. ప్రత్యుపకారమును మనస్సులో నుంచుకొని యిచ్చునది రాజసము. తగని చోట, తగని కాలమున, అనాదరముతో నిచ్చునది తామసము. మన సీసా యేది? రాబోవు బేరము కొఱకు పంపుటచేత రాజసము. పుచ్చుకొనువాడెవడో యెఱుగక, గుమాస్తా చేత పట్టీ ప్రకారము పంపుటచేత తామసము. రెండు దోషములు నొక్క బుట్టలో కూడియున్నవి.

భారతమున కచుని కథ మీకు తెలిసినదే. శుక్రాచార్యునకు అసురులు సుర నందిచ్చిరి. గురుభక్తితో నిచ్చినట్లే యిచ్చిరి. ఆయనయు ప్రీతితోనే పుచ్చుకొనెను. ఆ పాత్రలో ఆయన ప్రియశిష్యుని బూడిద కలిసియుండెను. శిష్యుడు గురుని కడుపు చీల్చుకొని వెలువడవలసివచ్చెను. అటుపై శుక్రుడు తన్ను మోసగించినవారిని మాత్రమే నిందించి యూరకుండక, ఆ సురనే బ్రాహ్మణులకు నిషేధించెను. ఇచ్చువాని యుద్దేశము పాత్రపై తేలుచుండదు, అడుగున కరగియుండును. మనము పంపు సీసాలో ఎవని కుటుంబపు బూడిద కలియనున్నదో మనకు కనబడదు.

సంస్కారాభిమానులారా, ఈ మాట ముఖ్యముగా మనకే చెప్పుకొనవలసియున్నది. 1870లో కేశవచంద్రసేనుడు ఇంగ్లండునకు పోయి, మద్యవ్యాపారముచే మా దేశమును చెఱుపవలదని పాలకజాతి సభలయందే నిలిచి పలికెను. బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నంనాయుడు గారు పానమును గర్హించుటయే గాక, తమ జీవితమునే దానికి సాక్ష్యముగా చూపిరి. 1992లో నెల్లూరు మండలపు దూబగుంటలో, అక్షరములు దిద్దుకొను తరగతులకు వచ్చిన పేద స్త్రీలు సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరు మొదటి తేదీని సారా నిషేధింపబడెను. మనము వారిని పొగడితిమి. వారి పక్షమున వ్యాసములు వ్రాసితిమి. కాని వారు తమ యింటికి రానీయనన్నదానినే, వెల హెచ్చించి, నాడా కట్టి, మన స్నేహితుల యిండ్లకు మనము పంపుచున్నాము. కూలివాడు త్రాగినచో దుర్వ్యసనము, మనము పంపినచో మర్యాద యగునా? కూలివాని భార్య కన్నీటికిని, గుత్తేదారు భార్య నిద్రలేమికిని భగవంతుని కచేరీలో వేఱువేఱు దఫాలు లేవు.

అయినచో మేలు చేసినవారికి మన హృదయమును తెలుపుటెట్లు? మొదటి కృతజ్ఞత పనిలోనే యున్నది. సరిగా తూచిన బియ్యము, గడువునకు చెల్లించిన బిల్లు, దాపరికము లేని లెక్క, ఓడిపోవు దావాను ఓడిపోవునని ముందే చెప్పిన వకీలు మాట, ఇవి కక్షిదారునకును ఖాతాదారునకును మనమీయదగిన కానుకలలో మొదటివి. మావంటివారికి మఱియొక నిర్బంధమును కలదు: న్యాయవాది పని కొఱకు వెంటబడరాదని బార్ కౌన్సిలు నియమము. పండుగ బుట్ట ఆ నియమమునకు పెరటిదారి కారాదు.

రెండవది మాట. స్వహస్తముతో వ్రాసిన నాలుగు పంక్తులు, ఫలానా దినమున మీరు చేసిన ఫలానా మేలు నాకు జ్ఞాపకమున్నదని, ఏ సీసాకంటెను గొప్పవి. ఏలయన వానిని వ్రాయుటకు ఆ మనుష్యుని తలచుకొనక తప్పదు. వస్తువే యీయవలెనన్నచో మన నేల గొడ్రాలు కాదు. కరీంనగరమున వెండితీగెను సాలెగూటివలె నల్లు పనివారున్నారు. నిర్మలలో పొనికికఱ్ఱ బొమ్మలకు ప్రాణము పోయువారున్నారు. ఆదిలాబాదు ఓజవారు మైనపు టచ్చుతో నిత్తడిని మలచుచున్నారు. వీరి చేతిపనిని కొన్నచో నొక కానుకతో రెండిండ్లు వెలుగును.

ఏ కానుక పంపుటకైనను ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. దీనిని ఆయన బిడ్డలయెదుట విప్పవచ్చునా? నష్టము లేక దీనిని ఆయన కాదనవచ్చునా? ఆయన నాకిక నెన్నడును ఉపకరింపడని తెలిసినను నేనిది పంపుదునా? మూడింటికిని అవునన్న యుత్తరము వచ్చిన వస్తువు ఏదైనను పంపవచ్చును. సీసా మొదటి ప్రశ్ననే దాటలేదు. మనకు వచ్చిన సీసాను త్రిప్పిపంపుట మొదట కష్టముగా నుండును. పంపినవానిని అవమానింపక, మీ ప్రేమను ఉంచుకొని యీ వస్తువును తిరిగి యిచ్చుచున్నానని సౌమ్యముగా చెప్పుడు. ఒకరిద్దఱు నొచ్చుకొందురు. పదిమంది, మీ యెదుట ననకపోయినను, ఊపిరి పీల్చుకొందురు. వారును ఇన్నాళ్లు కాదనలేక పుచ్చుకొనుచున్నవారే.

ఆ గుత్తేదారు నేటికిని అప్పుడప్పుడు నా కచేరీకి వచ్చుచుండును. ఆ మరుసటి దసరాకు నేనే ఆయన యింటికి పోతిని. ఆయన భార్య తలుపు తీసెను. ఆమె చేతిలో జమ్మియాకు నుంచితిని. ఆమె దానిని కన్నులకద్దుకొని, పిల్లలను పిలిచి, "వకీల్ సాబ్ బంగారం తెచ్చిండు" అనెను.

ఓ పరమేశ్వరా, సకలదానములకును మూలదాతవు నీవే. ఊపిరిని, ఎండను, వానను మాకిచ్చుచు నీవు ప్రతిఫలమడుగవు. పుచ్చుకొన్నవానిని చెఱుపు వస్తువును నీవెన్నడును కృతజ్ఞతగా పంపవు. మా చేతులను నీ చేతులవలె శుద్ధములుగా చేయుము. మేలుచేసినవానిని చూడగల కన్నులు మాకిమ్ము. మేమిచ్చినదానివలన ఏ యింటను దీపము మలగకుండును గాక. ఏ యిల్లాలును నిద్రలేక తెల్లవార్పకుండును గాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః.